లినక్స్‌లో గేమ్ సౌండ్ మొరాయిస్తే: పైప్‌వైర్, పల్స్‌ఆడియో, ఆల్సాలలో ఏ దారి పట్టాలి?

గేమ్ తెరుచుకుంటుంది, బొమ్మ చక్కగా కదులుతుంది, సౌండ్ మాత్రం ఉండదు. ఒక్కోసారి ఉంటుంది కానీ చిటపటలాడుతుంది. ఇంకోసారి తుపాకీ పేలిన కాసేపటికి గానీ చప్పుడు వినిపించదు. ఈ మూడూ వేర్వేరు జబ్బులు. మూడింటికీ ఒకటే మందనుకుని ఉన్న సౌండ్ సర్వర్‌ను (అన్ని ప్రోగ్రాముల సౌండ్‌నూ కలిపి కార్డుకు పంపే ప్రోగ్రామ్) పీకేసి ఇంకోటి పెట్టడం, ఎక్కడో దొరికిన నాలుగు లైన్లు కాన్ఫిగ్ ఫైల్లో అతికించడం వల్ల అప్పటిదాకా బాగున్నవి కూడా పాడవుతాయి. ఒక్క గేమ్ మొరాయిస్తే ఆ గేమ్‌కే మందు వేయాలి. అన్నీ మొరాయిస్తున్నప్పుడే సర్వర్ జోలికి వెళ్లాలి. కింది పోలిక అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

కమాండ్ల పేర్లు ఇక్కడ పలికే తీరులో రాశాం. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో కొట్టాలి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు దానికి అందించే సెట్టింగు) పేర్లు మాత్రం పూర్తిగా పెద్ద అక్షరాలే.

సౌండ్ నడిచే దారి

గేమ్ నేరుగా సౌండ్‌కార్డుతో మాట్లాడటం ఇప్పుడు అరుదు. అది ముందు ఒక లైబ్రరీకి సౌండ్ ఇస్తుంది: ఎస్‌డీఎల్, ఓపెన్‌ఏఎల్ సాఫ్ట్, ఎఫ్‌మాడ్ లాంటివి. విండోస్ గేమ్ అయితే ఆ పని, దాన్ని లినక్స్‌లో నడిపే వైన్ లేదా ప్రోటాన్ చేస్తుంది. లైబ్రరీ ఆ సౌండ్‌ను సర్వర్‌కు, అంటే పైప్‌వైర్‌కో పల్స్‌ఆడియోకో అప్పగిస్తుంది. సర్వర్ అన్ని ప్రోగ్రాముల సౌండ్‌నూ కలిపి కెర్నెల్‌లో ఉండే ఆల్సాకు పంపిస్తుంది. ఆల్సా డ్రైవర్ దాన్ని కార్డుకు చేరుస్తుంది. మొత్తం నాలుగు మెట్లు. ఏ మెట్టు దగ్గర ఆగిందో తేలకుండా దేన్నీ మార్చకూడదు.

ఎక్కడ ఆగిందో తేల్చుకోవడం

మొదట బ్రౌజర్‌లో ఏదైనా వీడియో పెట్టి చూడండి. అక్కడ సౌండ్ వస్తే సర్వర్, ఆల్సా, కార్డు మూడూ బాగున్నట్టే. తప్పు గేమ్ వైపు మెట్లలో ఉంది. అక్కడ కూడా రాకపోతే గేమ్ సంగతి తర్వాత, ముందు సిస్టమ్ చూసుకోవాలి.

అన్నిటికన్నా బాగా దారి చూపేది పావుకంట్రోల్ అనే చిన్న మిక్సర్ ప్రోగ్రామ్. పల్స్‌ఆడియోతోనూ, పైప్‌వైర్‌తోనూ పనిచేస్తుంది. గేమ్ నడుస్తుండగానే దాన్ని తెరిచి ప్లేబ్యాక్ ట్యాబ్ చూడండి. మూడింట్లో ఒకటి కనిపిస్తుంది.

గేమ్ పేరుతో వరుస ఉండి, దాని కింది మీటర్ కదులుతుంటే గేమ్ తన పని తాను చేస్తోంది. సౌండ్ తప్పు చోటికి పోతోంది, అంతే. మానిటర్‌కు హెచ్‌డీఎంఐ తీగ పెట్టగానే గ్రాఫిక్స్ కార్డు తనదైన సౌండ్ అవుట్‌పుట్‌ను ముందుకు తెస్తుంది. స్పీకర్లు లేని మానిటర్‌లోకి సౌండ్ పోతుంది. అదే వరుసలో కుడివైపున్న జాబితా నుంచి సరైన అవుట్‌పుట్ ఎంచుకుంటే సరిపోతుంది. పైప్‌వైర్ ఉన్న సిస్టమ్‌లో ఎప్పటికీ అదే ఉండాలంటే డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్ కొట్టి సింక్స్ (అవుట్‌పుట్‌లు) కింద ఉన్న నంబరు చూసి, డబ్ల్యూపీసీటీఎల్ సెట్-డిఫాల్ట్ పక్కన ఆ నంబరు ఇవ్వండి.

వరుస ఉంది, మీటర్ మాత్రం చలించడం లేదంటే గేమ్ సర్వర్‌ను చేరింది కానీ నిశ్శబ్దాన్నే పంపుతోంది. గేమ్ లోపలి వాల్యూమ్, అవుట్‌పుట్ డివైజ్ సెట్టింగు చూడాలి. కథా సన్నివేశాల వీడియోల్లో మాత్రమే సౌండ్ లేకపోతే అది సౌండ్ సర్వర్ పని కానేకాదు. వైన్ ఆ వీడియోలను జీస్ట్రీమర్ ద్వారా విప్పుతుంది. దానికి కావలసిన కోడెక్ ప్లగిన్‌లు లేవని అర్థం.

వరుసే లేదంటే లైబ్రరీకి సర్వర్ దొరకలేదు. కారణాల్లో ముందుగా చూడాల్సినవి రెండు. గేమ్ ఫ్లాట్‌ప్యాక్‌గా (సిస్టమ్ నుంచి వేరుచేసిన ప్యాకేజీగా) వచ్చి ఉంటే దానికి పల్స్‌ఆడియో సాకెట్ అనుమతి లేకపోవడం ఒకటి. ఫ్లాట్‌ప్యాక్ ఓవర్‌రైడ్ కమాండ్‌తో గానీ ఫ్లాట్‌సీల్ ప్రోగ్రామ్‌తో గానీ ఇవ్వొచ్చు. పాత 32 బిట్ గేమ్‌కు 32 బిట్ సౌండ్ లైబ్రరీలు లేకపోవడం రెండోది. 64 బిట్ సిస్టమ్‌లో అన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి కాబట్టి దీన్ని చాలామంది గమనించరు. డెబియన్, ఉబుంటులలో ఐ386 ఆర్కిటెక్చర్‌ను చేర్చి, లిబ్‌పల్స్0, లిబ్‌అసౌండ్2-ప్లగిన్స్ ప్యాకేజీల ఐ386 రూపాలు వేయాలి. ఆర్చ్‌లో లిబ్32 అనే ముందుమాటతో లిబ్‌పల్స్, ఆల్సా-ప్లగిన్స్ దొరుకుతాయి. వైన్‌ను కొత్త వావ్64 పద్ధతిలో కట్టి ఉంటే దానికి ఇవి అక్కర్లేదు.

బ్రౌజర్‌లో కూడా సౌండ్ లేనప్పుడు ఆల్సామిక్సర్ తెరవండి. ఎఫ్6 నొక్కితే కార్డుల జాబితా వస్తుంది. కార్డు ఎంచుకున్నాక వాల్యూమ్ గీత కింద ఎమ్ఎమ్ అని ఉంటే అది మ్యూట్‌లో ఉన్నట్టు. ఎమ్ కీ నొక్కితే రెండు సున్నాలవుతుంది. ఆటో-మ్యూట్ మోడ్ అనే వరుస ఉంటే దాన్నీ చూడండి. హెడ్‌ఫోన్ జాక్ పాడై ఎప్పుడూ ఏదో పెట్టి ఉన్నట్టు చెబుతుంటే ఈ సెట్టింగు స్పీకర్లను నొక్కేస్తుంది.

సర్వర్‌ను పక్కనపెట్టి కార్డును నేరుగా పరీక్షించాలంటే స్పీకర్-టెస్ట్ కమాండ్‌కు డివైజ్‌గా ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ:0,0 ఇవ్వాలి. డివైజ్ బిజీ అని వస్తే కంగారు పడనక్కర్లేదు, సర్వర్ కార్డును పట్టుకుని ఉందంతే. అన్ని ప్రోగ్రాములూ సౌండ్ ఆపాక పైప్‌వైర్ దాదాపు 5 సెకన్లకు కార్డును వదిలేస్తుంది, అప్పుడు మళ్లీ కొట్టండి.

ఒక పాత శత్రువు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే అసౌండ్‌ఆర్‌సీ అనే ఆల్సా సెట్టింగుల ఫైల్ ఉందేమో చూడండి. ఏళ్ల కిందట ఏదో సమస్యకని రాసి మరచిపోయినది అయి ఉంటుంది. అందులో డిఫాల్ట్ పీసీఎంను (మామూలు సౌండ్ దారిని) నేరుగా హెచ్‌డబ్ల్యూ డివైజ్‌కు, అంటే కార్డుకే ముడిపెట్టి ఉంటే, ఆల్సా ద్వారా వెళ్లే గేమ్ కార్డును ఒంటరిగా పట్టేసుకుంటుంది. ముందు ఏది తెరిస్తే దానికే సౌండ్, రెండోది మూగ. "బ్రౌజర్ మూసేస్తేనే గేమ్‌లో సౌండ్ వస్తోంది" అనే ఫిర్యాదు వినగానే ముందు వెతకాల్సింది ఈ ఫైల్‌నే. దాని పేరు మార్చి చూడండి.

ఏ సర్వర్?

ముందు మీ దగ్గర ఏది నడుస్తోందో తెలుసుకోండి. పీఏసీటీఎల్ ఇన్ఫో కొడితే సర్వర్ నేమ్ అనే లైన్ వస్తుంది. అక్కడ పల్స్‌ఆడియో అని మాత్రమే ఉంటే అసలు పల్స్‌ఆడియో. దాని పక్కన పైప్‌వైర్ పేరు, వెర్షన్ కూడా ఉంటే పైప్‌వైరే పల్స్‌ఆడియోలా మాట్లాడుతోంది. రెండింటినీ ఒకేసారి నడపకూడదు, రెండూ ఒకే కార్డు కోసం కొట్టుకుంటాయి.

పైప్‌వైర్: ఫెడోరా 34లో, 2021లో, డిఫాల్ట్ అయింది. ఉబుంటు 22.10లో వచ్చింది. 1.0 వెర్షన్ 2023 నవంబరులో విడుదలైంది. పల్స్‌ఆడియో, జాక్ (సంగీతం రికార్డు చేసేవారి సౌండ్ సర్వర్), ఆల్సా కోసం రాసిన ప్రోగ్రాములన్నిటినీ ఒకే చోట కలుపుతుంది కాబట్టి కొత్తగా సిస్టమ్ వేసుకునేవారికి మేం చెప్పేది ఇదే. దీని గొప్పా, తంటా రెండూ ఒకే గుణం నుంచి వస్తాయి. ఇది సౌండ్‌ను చిన్న ముద్దలుగా పంపుతుంది. ఒక ముద్ద పరిమాణాన్ని క్వాంటమ్ అంటారు. 48000 హెర్ట్జ్ దగ్గర 1024 క్వాంటమ్ అంటే సుమారు 21 మిల్లీసెకన్లు, 512 అంటే 10.7, 256 అంటే 5.3. నడుస్తున్న ప్రోగ్రాముల్లో ఏది అతి తక్కువ ఆలస్యం అడిగితే దాని కోరిక ప్రకారం మొత్తం క్వాంటమ్ తగ్గిపోతుంది. అంటే గేమ్ తప్పేమీ లేకపోయినా, వెనక నడుస్తున్న వాయిస్ చాట్ ప్రోగ్రామ్ 256 అడిగితే గేమ్ కూడా ఆ వేగానికి తూగాలి. గేమ్ సీపీయూను పూర్తిగా వాడేస్తున్నప్పుడు ముద్ద సమయానికి అందదు, ఆ ఖాళీయే చిటపట.

ఇదే కారణమని తేల్చుకోవడానికి పీడబ్ల్యూ-టాప్ ఉంది. గేమ్ ఆడుతూ దాన్ని పక్కన నడపండి. చిటపటలాడిన ప్రతిసారీ ఈఆర్‌ఆర్ గడిలో అంకె పెరిగితే అనుమానం అక్కర్లేదు. క్వాంట్ గడిలో ఏ ప్రోగ్రామ్ ఎంత అడిగిందో కూడా కనిపిస్తుంది. పీడబ్ల్యూ-మెటాడేటాతో సెట్టింగ్స్‌లోని క్లాక్.ఫోర్స్-క్వాంటమ్‌ను 1024 చేసి చూడండి. ఇది అప్పటికప్పుడే పనిచేస్తుంది, రీస్టార్ట్ అక్కర్లేదు. విలువను 0 చేస్తే పాత స్థితి. చిటపట ఆగితే అప్పుడు శాశ్వతం చేయండి: హోమ్‌లోని కాన్ఫిగ్ కింద పైప్‌వైర్ డైరెక్టరీలో పైప్‌వైర్.కాన్ఫ్.డీ అనే ఫోల్డర్ చేసి, అందులోని ఫైల్‌లో కాంటెక్స్ట్.ప్రాపర్టీస్ కింద డిఫాల్ట్.క్లాక్.మిన్-క్వాంటమ్ విలువ 512 రాయండి. చాలకపోతే 1024. ఇన్‌స్టాల్‌తో వచ్చిన అసలు ఫైల్‌ను మాత్రం దిద్దవద్దు, అప్‌డేట్‌లో అది కొట్టుకుపోతుంది.

మొదటే 2048 పెట్టేస్తే పోలేదా అనుకోవచ్చు. పోతుంది, కానీ 43 మిల్లీసెకన్లు దగ్గరదగ్గరగా ఒక్క సర్వర్ దగ్గరే ఖర్చవుతాయి. సెకనుకు 60 ఫ్రేములతో నడిచే గేమ్‌లో ఒక ఫ్రేము 16.7 మిల్లీసెకన్లే. లయకు తగ్గట్టు బటన్ నొక్కే గేమ్‌లలో ఆ తేడా వేళ్లకు తెలుస్తుంది. పజిల్, వ్యూహం గేమ్‌లు ఆడేవారికి ఏమీ తెలియదు. మీరు ఆడే గేమ్‌ను బట్టే అంకె ఎంచుకోండి.

పల్స్‌ఆడియో: పాత డిస్ట్రిబ్యూషన్‌లో సవ్యంగా నడుస్తుంటే దాన్ని కదపొద్దు. ఒక్క గేమ్ కోసం పైప్‌వైర్‌కు మారడం కన్నా తర్వాతి డిస్ట్రిబ్యూషన్ వెర్షన్‌తో పాటు మారడం సుఖం. చిటపట వస్తే డిఫాల్ట్.పీఏ ఫైల్‌లో మాడ్యూల్-యూదేవ్-డిటెక్ట్ లైన్ చివర టీషెడ్=0 చేర్చి చూడండి. పల్స్‌ఆడియో తన టైమర్ లెక్కతో కార్డును నింపుతుంది. కొన్ని డ్రైవర్లు కార్డు ఎంత వాయించిందో ఖచ్చితంగా చెప్పవు, లెక్క తప్పుతుంది. టీషెడ్ ఆపితే కార్డు ఇచ్చే ఇంటరప్ట్‌ల (సంకేతాల) ప్రకారం నడుస్తుంది. డీమన్.కాన్ఫ్‌లోని ఫ్రాగ్మెంట్ల సెట్టింగులు అప్పుడే అమల్లోకి వస్తాయి. మామూలుగా 4 ఫ్రాగ్మెంట్లు, ఒక్కోటి 25 మిల్లీసెకన్లు, అంటే 100 మిల్లీసెకన్ల బఫర్ (వాయించే ముందు సౌండ్ నిల్వ ఉండే చోటు). టీషెడ్ ఆపకుండా ఆ అంకెలు మార్చి, ఏమీ మారలేదని నిరాశపడటం చాలా మామూలు పొరపాటు.

ఆల్సా ఒక్కటే: సర్వర్ లేకుండా కూడా డీమిక్స్ అనే ప్లగిన్ ద్వారా ఆల్సా చాలా ప్రోగ్రాముల సౌండ్‌ను కలపగలదు. మెమరీ తక్కువున్న పాత యంత్రంలో, ఒకే జత స్పీకర్లతో, ఎప్పుడూ అదే గేమ్ ఆడేచోట ఇది నిక్షేపంగా ఉంటుంది. కోల్పోయేవి మాత్రం చాలానే: ప్రోగ్రాముకో వాల్యూమ్ ఉండదు, హెడ్‌సెట్ పెట్టగానే సౌండ్ దానికి మారదు, బ్లూటూత్‌కు వేరే డీమన్ (వెనక నడిచే ప్రోగ్రామ్) వేసుకోవాలి. "ఆల్సా అయితే ఆలస్యం ఉండదు" అన్న మాట నమ్మి మారవద్దు. గేమ్ అడిగిన బఫరే పెద్దదైతే కింద ఏమున్నా ఆలస్యం అంతే.

జాక్ సంగీతం రికార్డు చేసేవారి పనిముట్టు. గేమ్ కోసం దాని జోలికి పోనక్కర్లేదు.

ఒక్క గేమ్‌కే మందు

ఎస్‌డీఎల్ 2 వాడే గేమ్ అయితే ఎస్‌డీఎల్_ఆడియోడ్రైవర్ వేరియబుల్‌తో దారి మార్చొచ్చు: పల్స్‌ఆడియో, పైప్‌వైర్, ఆల్సా అని మూడు విలువలూ ఒక్కొక్కటిగా ఇచ్చి చూడండి. ఎస్‌డీఎల్ 3లో ఆ పేరు ఆడియో, డ్రైవర్ మధ్య ఇంకో అండర్‌స్కోర్‌తో ఉంటుంది. పాత ఎస్‌డీఎల్‌ను తనతోనే మోసుకొచ్చిన గేమ్‌కు పైప్‌వైర్ అన్న విలువ తెలియదు, సౌండ్ పూర్తిగా పోతుంది. అలాంటప్పుడు పల్స్‌ఆడియో అనే ఇవ్వండి, పైప్‌వైర్ దాన్ని అందుకుంటుంది. ఓపెన్‌ఏఎల్ సాఫ్ట్‌కు ఇదే పని ఆల్‌సాఫ్ట్_డ్రైవర్స్ చేస్తుంది. అక్కడ పల్స్ అని కుదించి రాయాలి.

చిటపట ఒక్క గేమ్‌లోనే ఉంటే పల్స్_లేటెన్సీ_ఎంసెక్ అన్నిటికన్నా చవకైన మందు. స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్‌లోని లాంచ్ ఆప్షన్స్‌లో ఆ వేరియబుల్‌కు 60 విలువ ఇచ్చి, ఒక ఖాళీ వదిలి, రెండు శాతం గుర్తుల మధ్య కమాండ్ అనే మాట పెట్టాలి. శాతం గుర్తుల ముక్క మరిచిపోతే వేరియబుల్ గేమ్‌కు అందదు. 60తో ఆగితే 30కి దించి చూడండి, ఆగకపోతే 90కి పెంచండి. 120 దాటాక కూడా చిటపట ఉంటే కారణం బఫర్ కాదు, ఇంకెక్కడో ఉంది. పైప్‌వైర్‌లోనూ ఈ వేరియబుల్ పనిచేస్తుంది, ఎందుకంటే గేమ్ వాడేది అప్పటికీ లిబ్‌పల్స్ లైబ్రరీనే.

వైన్ విషయానికొస్తే, వైన్‌సీఎఫ్‌జీ తెరిచి ఆడియో ట్యాబ్‌లో సెలెక్టెడ్ డ్రైవర్ ఏముందో చూడండి. ఏమీ లేదని ఉంటే పైన చెప్పిన లైబ్రరీల లోటే. వైన్‌పల్స్ ఉంటే అలాగే ఉంచండి. దానితో చిటపట పోకపోతేనే ఆల్సా డ్రైవర్ ప్రయత్నించాలి: వైన్‌ట్రిక్స్‌కు సౌండ్=ఆల్సా ఇస్తే రిజిస్ట్రీలో మార్చేస్తుంది, సౌండ్=పల్స్ ఇస్తే వెనక్కి వస్తుంది. ఆ గేమ్ ఉన్న వైన్‌ప్రిఫిక్స్‌ను (వైన్ తన ఫైళ్లు, రిజిస్ట్రీ పెట్టుకునే ఫోల్డర్) చూపించి మాత్రమే నడపండి, లేకపోతే మార్పు మామూలు ప్రిఫిక్స్‌లో పడుతుంది, గేమ్‌లో ఏమీ మారదు.

ఓఎస్‌ఎస్ (లినక్స్‌లో ఆల్సాకు ముందున్న సౌండ్ వ్యవస్థ) కాలపు గేమ్‌లు వేరే లోకం. అవి డెవ్ కింద ఉండే డీఎస్‌పీ ఫైల్‌ను తెరవాలని చూస్తాయి. ఈనాటి సిస్టమ్‌లో అది ఉండకపోవచ్చు. ఏఓఎస్‌ఎస్‌తో మొదలుపెడితే సౌండ్ ఆల్సాకు, పీఏడీఎస్‌పీతో అయితే పల్స్‌కు మళ్లుతుంది. రెండూ చదవడం, రాయడం మాత్రమే చేసే గేమ్‌లకు బాగుంటాయి. 32 బిట్ గేమ్‌కు వాటి లైబ్రరీ కూడా 32 బిట్‌దే కావాలి. క్వేక్ 3 లాంటివి బఫర్‌ను ఎమ్‌మ్యాప్‌తో నేరుగా తమ మెమరీలోకి తెచ్చుకుంటాయి. పీఏడీఎస్‌పీకి అది చేతకాదు. అప్పుడు కెర్నెల్‌లోని ఎస్‌ఎన్‌డీ-పీసీఎం-ఓఎస్‌ఎస్ మాడ్యూల్ దిక్కు. అది ఎమ్‌మ్యాప్ ఇస్తుంది కానీ కార్డును ఒక్క ప్రోగ్రామ్‌కే రాసిచ్చేస్తుంది, కలపడం ఉండదు. ఈ మూడింటికన్నా మంచి దారి ఆ గేమ్ ఇంజిన్‌కు ఎస్‌డీఎల్‌తో కట్టిన కొత్త పోర్ట్ ఉందేమో చూడటం. క్వేక్ 3 సోర్స్ 2005లోనే విడుదలైంది. ఐఓక్వేక్3 దాన్ని ఎస్‌డీఎల్ మీద నడుపుతుంది, గేమ్ డేటా ఫైళ్లు మీవే వాడుకోవచ్చు.

మాటలు వినిపించకపోవడం, బ్లూటూత్, టప్ టప్ చప్పుడు

సంగీతం, అడుగుల చప్పుడు వినిపిస్తూ పాత్రల మాటలు మాత్రం మాయమైతే సర్వర్‌లో 5.1 ప్రొఫైల్ ఎంపికై ఉందేమో చూడండి. మాటలు మధ్య స్పీకర్‌కు వెళ్తాయి, మీ దగ్గర ఉన్నవి రెండే. పావుకంట్రోల్ కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో అనలాగ్ స్టీరియోకు మార్చి గేమ్‌ను మూసి తెరవండి.

బ్లూటూత్ హెడ్‌సెట్‌తో గేమ్‌లో మైక్ తెరవగానే సౌండ్ పాత టెలిఫోన్‌లా మారుతుంది. మంచి నాణ్యత ఇచ్చే ఏ2డీపీ ప్రొఫైల్‌లో మైక్ లేదు. మైక్ కావాలంటే హెచ్‌ఎఫ్‌పీకి మారాలి, అది మోనో, సాధారణంగా 8 లేదా 16 కిలోహెర్ట్జ్. మాట్లాడాలంటే వేరే యూఎస్‌బీ మైక్ పెట్టి, వైర్‌ప్లంబర్ (పైప్‌వైర్‌లో ఏ సౌండ్ ఎటు పోవాలో నిర్ణయించే ప్రోగ్రామ్) 0.5లో ఉన్న ఆటోస్విచ్-టు-హెడ్‌సెట్-ప్రొఫైల్ సెట్టింగును ఆపేయండి. గురి చూసి కాల్చే గేమ్‌లు గట్టిగా ఆడేవారు తీగ హెడ్‌ఫోన్‌నో, సొంత యూఎస్‌బీ డాంగిల్ ఉన్న వైర్‌లెస్ హెడ్‌సెట్‌నో ఎంచుకోవడం మేలు. బ్లూటూత్ ఆలస్యాన్ని ఏ సర్వర్ సెట్టింగూ పోగొట్టలేదు.

ప్రతి సౌండ్ మొదట్లో టప్ మని వినిపించడం, మొదటి అర సెకను మింగేయడం కార్డు నిద్రపోతున్నందువల్ల. ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ. మోడ్‌ప్రోబ్.డీ డైరెక్టరీలోని ఫైల్‌లో ఎస్‌ఎన్‌డీ_హెచ్‌డీఏ_ఇంటెల్ మాడ్యూల్‌కు పవర్_సేవ్=0 పెట్టి రీబూట్ చేయండి. అప్పటికీ పోకపోతే వైర్‌ప్లంబర్‌లో సెషన్.సస్పెండ్-టైమౌట్-సెకండ్స్ విలువను 0 చేయాలి. బ్యాటరీ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది.

బీఎస్‌డీలలో

ఫ్రీబీఎస్‌డీలో సర్వర్ తప్పనిసరి కాదు. దాని ఓఎస్‌ఎస్ కెర్నెల్‌లోనే అనేక ప్రోగ్రాముల సౌండ్‌ను కలుపుతుంది. డెవ్ కింది ఎస్‌ఎన్‌డీస్టాట్ ఫైల్ చదివితే కార్డుల జాబితా, డిఫాల్ట్ ఏదో కనిపిస్తుంది, సిస్‌సీటీఎల్‌తో హెచ్‌డబ్ల్యూ.ఎస్‌ఎన్‌డీ.డిఫాల్ట్_యూనిట్ మార్చితే చాలాసార్లు పని అయిపోతుంది. చిటపటకు హెచ్‌డబ్ల్యూ.ఎస్‌ఎన్‌డీ.లేటెన్సీ ఉంది, 0 నుంచి 10 దాకా. పెంచితే బఫర్ పెరుగుతుంది. లినక్స్ బైనరీ గేమ్ ఎమ్‌మ్యాప్ అడిగితే అదే వరుసలోని కంపాట్_లినక్స్_ఎమ్‌మ్యాప్‌ను 1 చేయండి. ఓపెన్‌బీఎస్‌డీలో ఆ స్థానం ఎస్‌ఎన్‌డీఐఓడీది. అక్కడ గేమ్‌లో మైక్ పూర్తిగా నిశ్శబ్దంగా ఉంటే డ్రైవర్‌ను తిట్టకండి: కెర్న్.ఆడియో.రికార్డ్ మామూలుగా 0లో ఉంటుంది, రికార్డింగ్‌కు నిశ్శబ్దమే ఇస్తుంది. 1 చేస్తే మాట వినిపిస్తుంది.

మార్పు చేశాక

పైప్‌వైర్ కాన్ఫిగ్ మార్చాక సిస్టమ్‌సీటీఎల్‌ను యూజర్ ఆప్షన్‌తో నడిపి పైప్‌వైర్, పైప్‌వైర్-పల్స్, వైర్‌ప్లంబర్ మూడింటినీ రీస్టార్ట్ చేయండి. గేమ్‌ను కూడా మూసి తెరవాలి. సర్వర్ తిరిగి లేచినా చాలా గేమ్‌లు దానికి మళ్లీ కలవవు, మార్పు పనిచేయలేదని మీరు పొరబడతారు. ఒకసారి ఒక్కటే మార్చండి, ఫలించని దాన్ని వెంటనే తీసేయండి. అన్నీ సరిగ్గానే ఉన్నా ఒక్క గేమ్ మాత్రం ప్రతిసారీ పాత అవుట్‌పుట్‌కే పోతుంటే వైర్‌ప్లంబర్ ఆ జ్ఞాపకాన్ని దాచుకుని ఉంటుంది. హోమ్‌లోని లోకల్ కింద స్టేట్ డైరెక్టరీలో ఉన్న వైర్‌ప్లంబర్ ఫోల్డర్‌ను వేరే చోటికి జరిపి, మళ్లీ లాగిన్ అవ్వండి.